కొండల్లో దుంగల ఇల్లు: గోడలు లేచాకే గుమ్మం కోయాలట, నాన్నకు ఎలా చెప్పాలి?

కొండగాలి | మార్చి 9, 2025

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటాం. 285 రోడ్డు మీద కెనోషా పాస్ అనే కనుమ దాటి ఫెయిర్‌ప్లే వైపు వెళ్లే దారిలో, 9,800 అడుగుల ఎత్తున, నాలుగేళ్ల కిందట ఐదెకరాలు కొన్నాం. అక్కడ దుంగలతో ఇల్లు కట్టుకోవాలన్నది నాకూ మా ఆవిడకీ ఎప్పటి నుంచో ఉన్న కోరిక. అద్దెకిచ్చే ఆలోచన లేదు. తమ్ముడు డల్లాస్‌లో, చెల్లి న్యూజెర్సీలో ఉంటారు. పిల్లలంతా వేసవిలో ఒక కప్పు కింద పది రోజులు కలిసి ఉండే చోటు ఒకటి కావాలి. ఇల్లు 24 అడుగులు బై 32, పైన చిన్న అటక గది.

కిందటి వేసవంతా బెరడు తీయడంతోనే సరిపోయింది. మొత్తం 52 దుంగలు, లాడ్జ్‌పోల్ పైన్. బెరడు పురుగు పట్టి, నిలబడ్డ చోటే చచ్చి ఎండిపోయిన చెట్లు. పచ్చి చెట్టుకైతే వసంతంలో బెరడు అరటి తొక్కలా ఊడి వస్తుందట. ఎండినదానికి అలా కాదు. పై బెరడు పెచ్చులుగా రాలిపోయినా కింది పొర కర్రని పట్టుకునే ఉంటుంది. దుంగకి అటొక కాలూ ఇటొక కాలూ వేసి కూర్చుని, రెండు పిడులున్న కత్తిని మన వైపు లాక్కుంటూ గీకాలి. ఒక్కో దుంగకి మూడు నాలుగు గంటలు. సాయంత్రానికి అరచేతులకి పట్టిన బంక సబ్బుకి పోయేది కాదు, వంటనూనె రాసి తుడుచుకునేవాళ్లం. గీకిన చోట కర్రలో నీలం చారలు బయటపడతాయి. పురుగు మోసుకొచ్చే బూజు వల్ల వచ్చే రంగు అది, కర్ర బలానికి ఢోకా లేదని ఇంజినీరు చెప్పారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బాగా చారలున్న దుంగ తన గది వైపే రావాలని దాని మీద సుద్దముక్కతో పేరు రాసిపెట్టుకుంది.

ఇక అసలు సంగతి. పునాది అయిపోయింది. మే నెలాఖరున గోడలు లేపుతాం. అమ్మా నాన్నా అప్పటికి వస్తున్నారు. మాది కోనసీమ. మా తాతగారు వడ్రంగి. నాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యారు గానీ చిన్నప్పుడు తాతగారి పక్కన కూర్చుని ఉలి పట్టిన చెయ్యే. మంచి ముహూర్తం చూసి ద్వారబంధం నిలబెట్టి, కింద నవధాన్యాల మూట పెట్టి, ఆ తర్వాతే గోడలు లేపాలన్నది ఆయన మాట. మన ఇళ్లన్నీ అలా కట్టినవే.

కానీ మాకు పని నేర్పుతున్న మేస్త్రి పద్ధతిలో ముందు గుమ్మం ఉండదు. నాలుగు గోడలూ మూసిన పెట్టెలా లేపి, ఆఖరున రంపంతో గుమ్మం కోస్తారు. పైగా ద్వారబంధాన్ని దుంగలకి మేకులతో బిగించకూడదట, దాని పైన రెండు మూడు అంగుళాలు ఖాళీ వదలాలట. ఫోన్లో చెబితే నాన్న, "గుమ్మం లేకుండా గోడలేంట్రా? పైన సందు వదిలితే అది ద్వారబంధం ఎలా అవుతుంది?" అన్నారు. ఆయన్ని నొప్పించడం నాకు ఇష్టం లేదు. పని చెడగొట్టుకోవడమూ ఇష్టం లేదు. మన వాళ్లలో ఇలా కట్టుకున్నవాళ్లు ఉంటే ఎలా సర్దుకున్నారో చెప్పండి.

---

నీలికొండలు | మార్చి 9, 2025

కొండగాలి గారూ, మేం నార్త్ కరోలినాలో, యాష్‌విల్‌కి ఉత్తరాన 2019లో కట్టుకున్నాం. మాది తెల్ల పైన్. మా అత్తగారితో మాకూ సరిగ్గా ఇదే చర్చ జరిగింది.

మేం చేసింది చెబుతాను. పునాది మీద పడే మొట్టమొదటి వరస దుంగలే ఇంటికి పీఠం. రేపు గుమ్మం ఎక్కడ వస్తుందో ప్లానులో ముందే ఉంటుంది కదా. ఆ చోట అడుగు దుంగ కింద గూడు తొలిపించి, ముహూర్తానికి నవధాన్యాల మూట అందులో పెట్టి, దుంగకి పసుపు రాసి బొట్లు పెట్టి దించాం. గడప చోటు ఆ రోజే ఖాయమైపోయింది. గోడలు లేచాక గుమ్మం కోసిన రోజు మళ్లీ కొబ్బరికాయ కొట్టి ద్వారబంధం పెట్టాం. మా అత్తగారు ఒప్పుకున్నారు. "గడప ముందు, గుమ్మం తర్వాత. అంతేగా" అన్నారు.

ఒక్క మాట. మీది ఎండుగాలి ప్రాంతం, మాది వాన ప్రాంతం. మా దగ్గర కర్రకి మొదటి శత్రువు నీళ్లు. నేల మీద పడ్డ వాన చినుకు ఎగిరి అడుగు దుంగని తడుపుతుంది. అందుకని మా అడుగు దుంగ నేలకి రెండడుగుల ఎత్తులో ఉంది, చూరు మూడడుగులు బయటికి ఉంది. చూరు దగ్గర డబ్బు మిగుల్చుకుందామనుకోకండి. ఇంకొకటి, ఏప్రిల్ వచ్చిందంటే వడ్రంగి తేనెటీగలు అర అంగుళం వెడల్పున, డ్రిల్లుతో వేసినట్టు గుండ్రంగా కన్నాలు పెడతాయి. పక్కింటివాళ్ల వరండా దూలం ఒకటి ఏళ్ల తరబడి అలా తొలిచేసి మార్చాల్సి వచ్చింది. మీ ఎత్తులో ఆ బెడద అంతగా ఉండదనుకుంటాను.

---

పునాదిరాయి | మార్చి 10, 2025

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని, సియాటెల్. దుంగల ఇళ్లు కొన్ని చూశాను. నాన్నగారికి చెప్పాల్సింది ఆ సందు ఎందుకన్నది. అది అర్థమైతే ఆయనే ఒప్పుకుంటారు, వడ్రంగి బిడ్డ కదా.

చెట్టు ఎండితే లావులో తగ్గుతుంది. పొడవులో దాదాపు తగ్గదు. ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా మూలం ఇదే. దుంగల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి గోడ కడుతున్నాం కాబట్టి గోడ ఎత్తంతా దుంగల లావులతో ఏర్పడిందే. ప్రతి దుంగా కాస్త కాస్త సన్నబడితే గోడంతా కిందికి దిగుతుంది. అదే ఇంట్లో నిలువు స్తంభం ఉంటే అది అంగుళం కూడా దిగదు. ఒకే కప్పు కింద ఒకటి దిగుతూ, ఇంకొకటి దిగకుండా ఉంటే ఏదో ఒకటి విరగాలి.

పచ్చి దుంగలతో కడితే అడుగు ఎత్తుకి ముప్పావు అంగుళం దిగుతుందని లెక్క వేసుకుంటారు. ఏడడుగుల గుమ్మం మీద ఐదు అంగుళాల పైమాటే. మీవి నిలువునా ఎండిన చెట్లు కాబట్టి అంత ఉండదు. తేమ కొలిచే మీటరుతో చూశారా? ఎంత చూపిస్తోంది?

ద్వారబంధం సంగతి. కోసిన దుంగల చివర్లలో పై నుంచి కిందికి నిలువు గాడి తీస్తారు. ఆ గాడిలో ఒక బద్ద కూర్చుంటుంది. ద్వారబంధాన్ని ఆ బద్దకి మాత్రమే బిగిస్తారు, దుంగలకి కాదు. బద్ద దుంగల్ని పక్కకి జరగనివ్వదు, కిందికి మాత్రం దిగనిస్తుంది. పైన వదిలిన ఖాళీలో ఉన్ని లాంటి మెత్తటి ఇన్సులేషన్ కూరి, బయట అడ్డపలక పెడతారు. ఆ పలకని పై దుంగకి మాత్రమే కొట్టాలి, కింద ద్వారబంధానికి కొట్టకూడదు. ఎవరైనా తెలియక రెండింటికీ మేకు దిగ్గొడితే చేసిన పనంతా పోయినట్టే.

ఇంకా చూసుకోవాల్సినవి: నిలువు స్తంభాలు (వాటి కింద, తిప్పితే ఎత్తు తగ్గే స్క్రూ జాకులు పెట్టాలి), అటకకి వెళ్లే మెట్లు, లోపలి అడ్డగోడలు, పైకి వెళ్లే నీళ్ల పైపులు, పొయ్యి గొట్టం కప్పుని దాటే చోటు. వీటిలో ఏదీ గోడతో పాటు దానంతటది దిగదు. ప్రతిదానికీ ముందే దారి వదలాలి.

---

కొండగాలి | మార్చి 10, 2025

నీలికొండలు గారూ, గూడు తొలిచి మూట పెట్టే ఆలోచన చదివాక మనసు తేలికపడింది. ఈ రాత్రే నాన్నకి చెబుతాను.

పునాదిరాయి గారూ, నిన్ననే పది దుంగలు కొలిచాను. 15, 16 శాతం మధ్య ఉన్నాయి.

---

పునాదిరాయి | మార్చి 10, 2025

మంచిది. మీ వైపు గాలి బాగా పొడి, పైగా చలికాలమంతా లోపల కట్టెల పొయ్యి. దుంగలు చివరికి 8, 9 శాతానికి వస్తాయి. కర్ర 30 శాతం దగ్గర నుంచి కుంచించుకోవడం మొదలెడుతుంది కాబట్టి మీ దుంగలు సగానికి పైగా ప్రయాణం ముందే చేసేశాయి. గుమ్మం మీద అంగుళం, అంగుళంన్నర దిగొచ్చు. మీరు రెండున్నర అంగుళాలు వదలండి. ఎక్కువ వదిలితే నష్టం లేదు. తక్కువైతే తలుపు పట్టేస్తుంది.

---

మన్యం గాలి | మార్చి 12, 2025

చదువుతుంటే నాకూ ఆశ పుడుతోంది. మాది వైజాగ్. లంబసింగి వైపో అరకు వైపో ఒక ఎకరం కొని ఇలాంటిదే చిన్నది కట్టుకోవాలని ఉంది. అక్కడ డిసెంబరులో చలికి ఇలాంటి ఇల్లు బాగుంటుంది కదా. ఎవరైనా ప్రయత్నించారా?

---

నల్లమల | మార్చి 12, 2025

మన్యం గాలి గారూ, ముందు భూమి సంగతి చెప్పనివ్వండి. అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి ఇవన్నీ షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1/70 చట్టం ఉంది, అంటే 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకి 1970లో చేసిన సవరణ. ఆ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి అమ్మడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా చెల్లదు. గిరిజనుల పేరు మీద పెట్టి అనుభవిద్దాం, తెల్ల కాగితం మీద రాయించుకుందాం అని చెప్పేవాళ్లు దొరుకుతారు. దయచేసి వినకండి. తరతరాలుగా అక్కడ బతుకుతున్నవాళ్ల చేతిలో నేల నిలబడటానికే ఆ చట్టం పుట్టింది. నేను ఆ ప్రాంతంలో పనిచేశాను. ఆ భూమి పోతే వాళ్లకి వేరే ఏమీ ఉండదు.

ఇక దుంగల ఇల్లు మన వాతావరణానికి సరిపడదన్నది నా అభిప్రాయం. అరకులో చలి రెండు మూడు నెలలే, వానలు మాత్రం గట్టిగా పడతాయి, చెదలు సరేసరి. కలప గోడలు చూడాలనే కోరిక ఉంటే హిమాచల్ ప్రదేశ్‌లో, కులు లోయలోని నగ్గర్ కోట చూసి రండి. దేవదారు దూలాలు ఒక వరస, రాళ్లు ఒక వరస, మధ్యలో సున్నమూ సిమెంటూ ఏమీ లేకుండా పేర్చిన గోడలు. ఆ పద్ధతిని కాఠ్-కునీ అంటారు. 1905 కాంగ్రా భూకంపాన్ని తట్టుకుని నిలిచింది. నేను ఆ గోడ మూల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దూలాలు ఒకదాన్నొకటి దాటే చోట చేయి పెట్టి చూస్తే వేలు దూరే సందు లేదు. అన్నట్టు హిమాచల్‌లో కూడా బయటివాళ్లు భూమి కొనడానికి అక్కడి భూ చట్టంలోని 118వ సెక్షన్ అడ్డం ఉంది. చూసి రావడానికి మాత్రం ఏ సెక్షనూ లేదు.

---

మన్యం గాలి | మార్చి 13, 2025

వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. 1/70 పేరు విన్నాను గానీ అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదని తెలియదు. ఒక బ్రోకరు దాన్నే దారిగా చూపించాడు. ఆ ఆలోచన వదిలేస్తున్నాను.

---

ఔలు నుంచి | మార్చి 15, 2025

నేను ఫిన్లాండ్‌లో, ఔలులో ఉంటాను. ఇక్కడ దుంగల ఇల్లు వింతేమీ కాదు. నాకు రెండు గంటల లోపు దూరంలో పుదాస్‌యార్వి అనే చిన్న ఊళ్లో బడి మొత్తాన్ని దుంగలతోనే కట్టారు, 2016లో మొదలైంది. పాత బడి భవనాల్లో బూజు పట్టి పిల్లలకి ఆరోగ్య సమస్యలు వస్తే, గాలి బాగుండాలని కర్రకి మారారు. లోపలికి అడుగు పెడితే చెప్పుల చప్పుడు కూడా మెత్తగా వినిపిస్తుంది.

ఇక్కడ ఇప్పుడు ఎక్కువగా ఫ్యాక్టరీలో ఎండబెట్టి పలకలు అతికించి చేసిన దుంగలే వాడుతున్నారు. అవి తక్కువ దిగుతాయి. చేత్తో చెక్కినదానికి మాత్రం మా పక్కింటి పెద్దాయన చెప్పేది ఒకటే: మొదటి చలికాలం ఇంటిని ఒక్కసారిగా వేడి చేయకు. కొత్త ఇంట్లో ఉత్సాహంగా పొయ్యి ఎర్రగా మండిస్తే దుంగ పై భాగం ఒక్కసారి ఎండి, లోపలి తేమ బయటికి రాలేక, పెద్ద పెద్ద పగుళ్లు పడతాయి. నెమ్మదిగా, వారాల తరబడి వేడి పెంచుతూ పోవాలి.

పగుళ్లు ఎలాగూ వస్తాయి, అది తప్పు కాదు. కానీ ఎక్కడ పగలాలో మీరు నిర్ణయించవచ్చు. దుంగ పై వీపున పొడవునా రంపంతో ఒక కోత పెడితే, ఎండేటప్పుడు పగులు ఆ కోత దగ్గరే పడుతుంది. పైన ఇంకో దుంగ కూర్చుంటుంది కాబట్టి అది కనబడదు, నీళ్లూ చేరవు. మీ మేస్త్రి చేయిస్తున్నాడో లేదో కనుక్కోండి.

---

లూయివిల్ అమ్మ | మార్చి 16, 2025

తమ్ముడూ, నేను కొలరాడోలోనే ఉంటాను. 2021 డిసెంబరు 30న మార్షల్ ఫైర్‌లో మా ఇల్లు పోయింది. వెయ్యికి పైగా ఇళ్లు ఆ ఒక్క రోజులో కాలిపోయాయి. మాది అడవిలో ఇల్లు కాదు, మామూలు కాలనీ. గడ్డికి అంటుకున్న మంట గంటకి వంద మైళ్ల గాలికి వచ్చేసింది. చేతికి దొరికిన పాస్‌పోర్టులు, దేవుడి మందసంలోంచి మా అమ్మ ఇచ్చిన వెండి కుంది, అంతే తీసుకుని పిల్లల్ని కారెక్కించాం. అందుకే నీకు ఇది రాస్తున్నాను, భయపెట్టాలని కాదు.

చాలా ఇళ్లు మంట వచ్చి తాకడం వల్ల కాదు, ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల అంటుకుంటాయి. గోడ లావుపాటి దుంగ అయితే అది త్వరగా కాలదు. పైన బొగ్గు పొర కట్టి లోపలి కర్రని కొంతసేపు కాపాడుతుంది, గంటకి ఒకటిన్నర అంగుళం చొప్పున కాలుతుందని లెక్క. ప్రమాదమంతా చిన్న చిన్న చోట్ల ఉంటుంది. చూరు కింద గాలి కన్నాలకి ఎనిమిదో వంతు అంగుళం సందులున్న ఇనప జాలీ వేయించు. కప్పు రేకుదే వేయించు. ఇంటి చుట్టూ ఐదడుగుల దాకా కంకర తప్ప ఏమీ ఉండకూడదు. మొక్క వద్దు, కట్టె వద్దు, డోర్‌మ్యాట్ కూడా వద్దు. కట్టెల మోపు ముప్పై అడుగుల దూరంలో పెట్టు. డెక్ కింద ఖాళీగా ఉందని సామాను దాచకు.

ఇన్సూరెన్స్ సంగతి ఇప్పుడే చూసుకో. ఇల్లు కట్టేశాక కాదు. కొండల్లో ఇళ్లకి పాలసీ ఇవ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవడం లేదు. 2023లో రాష్ట్రం చట్టం చేసి ఫెయిర్ ప్లాన్ అని పెట్టింది, అందరూ కాదన్నాక ఆఖరి దిక్కు అది. ఇల్లు కట్టేటప్పటి పాలసీ వేరు, కట్టాక వేరు. ప్రతి దశలో ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో దాచుకో. మా ఇంట్లో ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకుని జాబితా రాయడానికి నాకు నెలలు పట్టింది. వంటింటి అల్మారా గుర్తు చేసుకుంటూ కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

---

కొండగాలి | మార్చి 16, 2025

అక్కా, మీరు ఇదంతా మళ్లీ తలచుకుని నా కోసం రాశారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. డెక్ కింద కట్టెలు పేర్చుదామనే అనుకున్నాం. మానేస్తున్నాం. రేపే ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడతాను.

---

ఆవకాయ జాడీ | మార్చి 18, 2025

కట్టడం గురించి నాకు తెలియదు గానీ, అమ్మా నాన్నా వస్తున్నారన్నారు కాబట్టి రెండు మాటలు. దాదాపు మీ అంత ఎత్తులోనే ఉండే బ్రెకెన్‌రిడ్జ్ దగ్గర మేం మూడేళ్లు ఉన్నాం.

ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పైకి తీసుకెళ్లొద్దు, అక్కడ గాలి పలచగా ఉంటుంది. డెన్వర్‌లో కనీసం రెండు మూడు రోజులు ఉంచి, అప్పుడు తీసుకెళ్లండి. పైకి వెళ్లిన మొదటి రోజు బరువులు ఎత్తనివ్వొద్దు, మంచినీళ్లు బాగా తాగించండి. బీపీకో గుండెకో మందులు వాడుతుంటే ముందే డాక్టరుని అడగండి. తలనొప్పి, వాంతులు, ఆయాసం ఎక్కువైతే ఆలోచించకుండా కిందికి దింపేయండి.

వంట సంగతి. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. మంచి ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. దోసెల పిండి పులవాలంటే ఓవెన్‌లో లైటు వేసి అందులో పెట్టాలి.

ఇంకా, మీ బోరు పర్మిట్ ఎలాంటిదో చూసుకోండి. కొలరాడోలో చిన్న స్థలాలకి చాలావరకు ఇంటి లోపలి వాడకానికే ఇస్తారు, పెరట్లో మొక్కలకి ఆ నీళ్లు పోయకూడదు. వాననీళ్లు పట్టుకోవడానికి 2016లో అనుమతి ఇచ్చారు, రెండు పీపాలు కలిపి 110 గ్యాలన్ల దాకా. కరివేపాకు కుండీ ఇంట్లోనే దక్షిణం కిటికీ దగ్గర పెట్టుకోండి. మాది అక్కడే బతికింది.

---

కొండగాలి | జూన్ 22, 2025

అందరికీ ఒక అప్‌డేట్ బాకీ ఉన్నాను. గోడలు లేచాయి.

నాన్న వచ్చాక మూడో రోజు సైటుకి తీసుకెళ్లాను. ఏమీ మాట్లాడకుండా దుంగల వరస చివరి దాకా నడిచారు. ఒకచోట ఆగి కోసిన చివర మీద వలయాలు లెక్కపెట్టడం మొదలెట్టారు. వంద దాటాక ఆపేశారు. "ఇంత సన్నటి చెట్టుకి ఇన్నేళ్లా" అన్నారు. చలికి నెమ్మదిగా పెరుగుతుంది నాన్నా అని చెప్పాను. చేవ ఎంత వరకూ ఉందో గోటితో నొక్కి చూశారు.

తర్వాత పునాదిరాయి గారు రాసినదంతా తెలుగులోనే ఉంది కాబట్టి ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. రెండు సార్లు చదివారు. లావులో తగ్గుతుంది, పొడవులో తగ్గదు అన్న దగ్గర ఆగి, "మా నాన్న కూడా ఇదే అనేవాడు. అందుకే తలుపు చెక్కని పలకలుగా చేసి గాడిలో వదులుగా కూర్చోబెట్టేవాడు, జిగురు పెట్టేవాడు కాదు" అన్నారు. ఆ తర్వాత సందు గురించి ఒక్క మాట కూడా అనలేదు. గాడి వెడల్పెంత, బద్ద ఏ కర్రతో చేస్తారు అని మేస్త్రిని నా చేత అడిగించారు.

గడప మాత్రం తనే చేస్తానన్నారు. డెన్వర్‌లో తెల్ల ఓక్ పలక కొన్నాం. గరాజ్‌లో నాలుగు రోజులు కూర్చుని చిత్రిక పట్టి, రెండు వైపులా చిన్న పువ్వు చెక్కారు. పువ్వుకి ఆరు రేకులు. చేతులు కాస్త వణుకుతున్నాయి కాబట్టి ప్రతి రేకుకీ ముందు పెన్సిల్‌తో గీసుకుని, ఉలి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క దెబ్బ. మళ్లీ ఆగి ఊపిరి తీసుకుని, ఇంకో దెబ్బ. మా అమ్మాయి పక్కన కూర్చుని ఊడిన పెచ్చులు జేబులో వేసుకుంది.

ముహూర్తం ఉదయం ఏడున్నరకి. నీలికొండలు గారు చెప్పినట్టే అడుగు దుంగలో గూడు తొలిచి ఉంచాం. అమ్మ నవధాన్యాల మూట పెట్టింది. క్రేన్ దుంగని దించుతుంటే మేస్త్రి, ఆయన కుర్రాళ్లు ఇద్దరూ టోపీలు తీసి పక్కన నిలబడ్డారు. మేం అడగలేదు, వాళ్లంతట వాళ్లే. తర్వాత పన్నెండు రోజుల్లో గోడలు అయ్యాయి. పై దుంగని కింది దుంగ మీద ఆనించి, కంపాస్ లాంటి పరికరంతో కింది దుంగ వంపుల్ని పైదాని మీద గీసి, మళ్లీ ఎత్తి, తిరగేసి, గీత వెంట తొలిచి కూర్చోబెట్టాలి. తొమ్మిది వరసలు. కూర్చున్నప్పుడు ఒక బరువైన మెత్తటి చప్పుడు వస్తుంది, అది సరిగ్గా వస్తే మేస్త్రి తల ఊపేవాడు.

ఔలు నుంచి గారూ, వీపు మీద కోత ప్రతి దుంగకీ పెట్టించాం.

---

నీలికొండలు | జూన్ 22, 2025

గడప ఫోటో పెట్టండి, తప్పకుండా. మా అత్తగారికి చూపిస్తాను.

మేం కిందటి సెప్టెంబరులో హెలీన్ తుపానుకి దారి కోల్పోయాం. ఇంటికి ఏమీ కాలేదు, కానీ కొండ దిగే మా మట్టిరోడ్డు కింద తూము కొట్టుకుపోయి పదకొండు రోజులు కిందికి రాలేకపోయాం. ఇంటి గురించి పెట్టిన శ్రద్ధ దారి మీద పెట్టలేదు. మీ దారికి తూములు ఉంటే ఒక సైజు పెద్దవి వేయించండి. మంచు కరిగే నెలలో మీకూ నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి.

---

కొండగాలి | అక్టోబరు 5, 2025

పునాదిరాయి గారూ, అర్జెంటుగా మీ సలహా కావాలి.

కప్పు రేకులు పడ్డాయి, ఆగస్టు మొదట్లో తలుపులూ కిటికీలూ పెట్టారు. ముందు గుమ్మం మేమే దగ్గరుండి చేయించాం. వెనక గది కిటికీలకి మాత్రం ఆ వారం నేను ఆఫీసు పని మీద ఊళ్లో లేను. కిటికీలు పెట్టడానికి వేరే టీమ్ వచ్చింది. నిన్న వెళ్లి చూస్తే వెనక గదిలో ఒక కిటికీ పైన, రెండు దుంగల మధ్య, పోస్టుకార్డు దూరేంత సందు కనబడింది. పక్క గోడల్లో ఎక్కడా లేదు. కిటికీ తెరుచుకోవడం కూడా బిగుతుగా ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు. గోడ పాడైపోయిందా?

---

పునాదిరాయి | అక్టోబరు 5, 2025

టెన్షన్ పడకండి. గోడ పాడవలేదు, వేలాడుతోంది. కిటికీ చట్రాన్ని నేరుగా దుంగలకి స్క్రూలు వేసి బిగించి ఉంటారు. మిగతా గోడంతా దిగుతుంటే ఆ స్క్రూలు పై దుంగల్ని పట్టుకుని ఆపేశాయి. బరువంతా ఇప్పుడు చట్రం మీద ఉంది. లోపలి వైపు అంచు పలక తీసి, చట్రానికీ దుంగకీ మధ్య సన్నటి ఇనుము కోసే బ్లేడు దూర్చి చూడండి. స్క్రూలు తగులుతాయి. కింది నుంచి ఒక్కొక్కటే, రెండు వైపులా మార్చి మార్చి కోయండి. కోసేటప్పుడు కిటికీ తలుపు తీసి పక్కన పెట్టండి, అద్దం పగలకుండా. ఎవరూ కిటికీ కింద నిలబడొద్దు.

---

కొండగాలి | అక్టోబరు 12, 2025

మీరు చెప్పినట్టే ఉంది. పద్నాలుగు స్క్రూలు, అన్నీ దుంగల్లోకి. నేనూ మేస్త్రీ కలిసి కోశాం. పదకొండోది తెగగానే గోడలోంచి ఠప్పుమని ఒక్క చప్పుడు, కాళ్ల కింద నేల దాకా తెలిసింది. సందు మూసుకుపోయింది. మిగతా మూడూ కోశాక కిటికీ వేలితో తోస్తే తెరుచుకుంది. ఇంట్లో మిగిలిన కిటికీలన్నీ విప్పి చూశాం. ఇంకొక దానికి కూడా అలాగే చేసి ఉన్నారు, అదీ సరిచేశాం. కట్టుకునేవాళ్లందరికీ ఒకటే మాట: అంచు పలకలు మూసే ముందు ప్రతి కిటికీని మీ కళ్లతో చూసుకోండి.

---

ఔలు నుంచి | అక్టోబరు 13, 2025

హమ్మయ్య. స్తంభాల కింద జాకులు తిప్పారా? మొదటి ఏడాది నెలకోసారి చూసుకోవాలి. ఎన్ని తిప్పులు తిప్పారో స్తంభం పక్కనే రాసి పెట్టుకుంటే మంచిది. ఈ చలికాలం వేడి సంగతి కూడా మర్చిపోకండి.

---

కొండగాలి | అక్టోబరు 13, 2025

తిప్పామండీ. సెప్టెంబరులో ఒకటిన్నర చుట్టు, నిన్న ఒక చుట్టు. పొయ్యి ఇంకా వెలిగించలేదు. నవంబరంతా హీటరు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంచి, డిసెంబరులో మెల్లగా పెంచుతాం.

నాన్న వెళ్లే ముందు ద్వారబంధం పక్క దుంగ మీద పెన్సిల్‌తో సన్నగా ఒక గీత గీసి, దానికి సూటిగా చట్రం మీద ఇంకో గీత గీశారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి మొదట అడిగేది, "ఎంత దిగింది?" అనే. నిన్నటికి అర అంగుళం. చెబితే, అవతల అమ్మతో "అర అంగుళమట" అని చెప్పడం నాకు వినిపించింది.

గడప ఫోటో ఈ రాత్రి పెడతాను.